ఎజ్రా హాగుడ్ రెండో సమాధి

హాగుడ్ వాళ్ళ ముత్తాత సమాధిలో ఎవరూ లేరని పొరుగింటి మర్టిస్ అన్నదట. బ్యూటీ పార్లర్‌లో, తలంతా నురగతో కూర్చుని మరీ అన్నదట. సమాధుల పండుగకి ఏ పూలు కొనాలా అని ఆలోచిస్తున్న వెర్లీన్ హాగుడ్ చెవిన ఆ మాట పొద్దున్నే పడింది.

వెర్లీన్ మొగుడు ఏనాడో మొబీల్ రేవులో పనుందని వెళ్ళి మరి రాలేదు. ఆమె ఇప్పటికీ రాత్రిపూట అతని పళ్ళెం బల్లమీద పెడుతుంది. అలబామాలోని ఆ కొండపల్లెలో ఆమె తలెత్తుకోవడానికి మిగిలింది ముత్తాత ఎజ్రా ఒక్కడే. అంతర్యుద్ధంలో ప్రాణమిచ్చిన మనిషి. "మా ఇంట్లో ఒక్క మగాడైనా నిలబడ్డాడు" అని చర్చిలో ఆమె అనని ఆదివారం లేదు.

మర్టిస్ నోరు మూయించాలని వెర్లీన్ పాత రికార్డులు వెతకడానికి బయలుదేరింది. సైన్యం జాబితాలో ఎజ్రా పేరుకెదురుగా 'జాడ లేదు' అని ఉంది. చచ్చినవాడికి జాడేముంటుంది, అనుకుంది. యుద్ధం తర్వాతి జనాభా లెక్కల్లో అతని భార్య పర్మీలియా 'విధవ' అని ఉంది. చర్చివాళ్ళ సమాధుల పట్టీలో ఎజ్రా పేరుంది. ఇంకేం కావాలి? ఆ ఊపులో, ఎజ్రా సంతతి ఎక్కడున్నా సమాధుల పండుగకి రావాలని పత్రికలో ప్రకటన వేయించింది.

వచ్చారు, టెక్సస్ నుంచి బస్సు నిండా. దిగిన ప్రతివాడికీ హాగుడ్ వాళ్ళ చేటచెవులే. వెర్లీన్ పొంగిపోయి వేయించిన కోడి వడ్డించింది.

"ఎజ్రా తమ్ముడి తరఫువాళ్ళా, బాబూ?"

"తమ్ముడెవరమ్మా? సొంత మునిమనవలం" అన్నాడొకాయన, కోడికాలు కొరుకుతూ. "ముసలాడై మా ఊళ్ళోనే పోయాడు. ఇదిగో ఫొటో. సమాధి రాయిమీద పుట్టిన ఊరు మీ ఊరనే రాసుంది."

"మా ఎజ్రా యుద్ధంలో పోయాడయ్యా!"

"మావాడూ యుద్ధంలోంచే వచ్చాడట."

ఫొటోలో ముసలాయన చెవులు చూశాక బల్లల దగ్గర అందరూ చెంచాలు కింద పెట్టేశారు. మర్టిస్ మాత్రం అరటిపండు పుడ్డింగు ఇంకో గరిటె వేసుకుంది.

వెర్లీన్ సమాధికని తెచ్చిన పూలగుత్తి చేతిలోకి తీసుకుంది. "అయితే పర్మీలియా అబద్ధమాడిందా? ఇన్నేళ్ళూ మనం పూలు పెట్టింది ఖాళీ పెట్టెకా?"

నీడలో కునుకుతున్న మేనత్త ఓజెల్ కళ్ళు తెరిచింది. పర్మీలియాకి ఆవిడ సొంత మనవరాలు.

"మా నాయనమ్మ అబద్ధమేం ఆడిందే? తనమటుక్కి తను వాణ్ణి పాతిపెట్టేసింది. ఆ తర్వాత వాడు టెక్సస్‌లో తిరిగితే ఆవిడకేంటి? నువ్వే, మొగుడి పళ్ళెం ఇంకా కడుగుతున్నావు."