అచ్చం ఫారిన్ హుక్కా

"ఈ క్షణం నుంచి ఎక్కడైనా హుక్కా గొట్టం కనిపించిందా, ఆ గొట్టంతోనే వాణ్ణి కట్టేస్తాం!"

పొగాకు నియంత్రణ మంత్రిగారు వేదిక మీద ఇలా గర్జించిన రోజున నేను ముందు వరసలోనే ఉన్నాను. ఫ్యాన్లన్నీ వెనక ఉండటంతో జనం కూడా వెనకే సర్దుకున్నారు, ముందు వరస నాకు మిగిలింది. ఎవరేమన్నా మంత్రిగారిది మాట మీద నిలబడే తత్వం. నిలబడలేనప్పుడు దాని మీదే కూర్చుంటారు.

సభ ముగిసి నేను చెప్పులు వెతుక్కునేలోపే మా బావమరిది హుక్కా దుకాణానికి తాళం పడింది. తాళానికి గుడ్డ చుట్టారు, గుడ్డ మీద లక్క పోశారు, లక్క మీద ముద్ర గుద్దారు. అప్పుడే దిగిన విదేశీ హుక్కా పొగాకు డబ్బాలు అల్మారా నిండా లోపలే ఉండిపోయాయి.

"సార్, నా సరుకు..." అన్నాడు బావమరిది.

"ప్రభుత్వ సీలు కింద ఉందయ్యా! నీ ఇంట్లో నువ్వు కూడా ఇంత భద్రంగా ఉండవు" అని ధైర్యం చెప్పాడు సీలు ఆఫీసరు.

ఆయన చెప్పింది నిజమే. ఆ దుకాణం తప్ప వాడికి వేరే బతుకుతెరువు లేదు. అది మూతపడేసరికి వాడి ఇంటికి ఇంటివాడు తాళం వేశాడు. వాడు మా సోఫాలోకి మారాడు. నెలలు గడిచాయి. మా సోఫాకి కూడా సీలు పడినట్టయింది.

అలాంటి రోజుల్లో ఓ ఉదయం మంత్రిగారి పి.ఎ. మా గడప తొక్కారు. మంత్రిగారి మాట బయటికి రావాలన్నా, బయటి మాట మంత్రిగారి చెవిలో పడాలన్నా ఈయన గుండానే. అందుకని అందరూ ఆయన్ని గొట్టంగారు అంటారు. ఆ 'గారు' తీసేసి పలికినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో ఉద్యోగంలో లేరు.

"అయ్యగారికి భోజనమయ్యాక రెండు దమ్ములు లాగితేగానీ ప్రజల గురించి ఆలోచన రాదు. ఫారిన్ డబ్బాలు నిన్నటితో అయిపోయాయి. మీరు ఇంట్లో తయారుచేసి ఇవ్వాలి" అన్నారు టీ ఊదుకుంటూ.

"నిషేధం కదండీ?" అన్నాను.

"నిషేధం దుకాణానికండీ. ఇంట్లో చేసుకుంటే అది స్వావలంబన."

"మరి ఇన్నాళ్ళూ ఆ డబ్బాలు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" వంటింట్లోంచి అడిగింది మా ఆవిడ.

"అభిమానులు ఇస్తుంటారమ్మా" అని ఆయన బావమరిది భుజం మీద చెయ్యి వేశారు. "అచ్చం ఫారిన్‌ది లాగే ఉంది అని అయ్యగారి నోట ఒక్క మాట రానీ. మర్నాడే నీ సీలు తీయిస్తా."

బావమరిది సోఫాలోంచి లేచాడు. వాడు లేస్తే ఎంత పొడుగుంటాడో మేం మరిచిపోయాం.

పని మొదలైంది. పొగాకు తెచ్చి ఈనెలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి పిండితే ముందు ఘాటు తగ్గుతుందట. ఆరబెట్టి సన్నగా తరిగి, తేనె, గ్లిజరిన్, ఆపిల్ వాసన పట్టించి, గాజు సీసాలో మూతపెట్టి మాగనివ్వాలట.

"తమ్ముడూ, నా గిన్నెల్లో ఆ గడ్డి ఉడికిందో, వంటింటికి నేనే సీలేస్తా" అంది మా ఆవిడ.

"అక్కా, సీలు అనకే. గుండె ఆగిపోతోంది."

మొదటి సీసా సిద్ధమైంది. ఇల్లంతా ఆపిల్ తోటలా ఘుమఘుమలాడింది. గొట్టంగారు లాయరుని వెంటబెట్టుకొచ్చారు.

"సాక్షాత్తూ పొగాకు నియంత్రణ మంత్రి ఇంట్లో పొగాకు దొరికితే ఏం బావుంటుంది? పొగాకే వాడండి. కానీ అందులో పొగాకు ఉండకూడదు" అన్నాడు లాయరు.

"అదెలా సార్?"

"కడగండి."

కడిగాం. పరీక్ష చేయించి, ఇంకా ఉందన్నారు. మళ్ళీ కడిగాం. చివరికి పొగాకులో పొగ పోయి ఆకు మిగిలింది. అదీ ఉతికిన చేతిరుమాల్లా తెల్లగా మిగిలింది. ఆ కడిగిన నీళ్ళు మా ఆవిడ గులాబీ మొక్కల మీద పోస్తే పురుగులన్నీ టపటపా రాలిపోయాయి. మంత్రిగారి శాఖ వల్ల నాకు తెలిసి జరిగిన మేలు అదొక్కటే.

తర్వాత డాక్టరుగారు వచ్చారు. "అయ్యగారికి షుగరు. తేనె పనికిరాదు."

"తినేది కాదు కదండీ, పీల్చేదే కదా!" అన్నాను.

"అయ్యగారికి ఏది పీల్చినా ఒంటికి పడుతుంది" అన్నాడు డాక్టరు. ఆయన చాలాకాలంగా ఆ ఇంటి డాక్టరు. కాదనడానికి నేనెవర్ని?

తేనె పోయింది. ఆపిల్ వాసన మిగిలింది. దాన్ని గొట్టంగారే పట్టుకున్నారు. "కొంప ముంచారు కదయ్యా! ఆపిల్ ప్రతిపక్షం ఎన్నికల గుర్తు!"

"పోనీ గులాబీ సార్?"

"మిత్రపక్షం. వాళ్ళతో సీట్ల దగ్గర తేడాలున్నాయి."

"మరి ఏ వాసన వెయ్యమంటారు?"

"తటస్థంగా ఉండే వాసన ఏదైనా."

బావమరిది రాత్రనక పగలనక ఆలోచించి, ఏ వాసనా వెయ్యలేదు. దాన్ని చూసి గొట్టంగారు మెచ్చుకున్నారు. "ఇదీ సుపరిపాలన అంటే!"

రుచి చూసే రోజు రానే వచ్చింది. మంత్రిగారింటి గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు మా సంచీ తడిమి, బొగ్గులూ అగ్గిపెట్టే లాగేసుకున్నారు.

"అయ్యగారి దగ్గరికి నిప్పు తీసుకెళ్ళకూడదు."

"నిప్పు లేకపోతే పొగెలా వస్తుంది సార్?" అన్నాడు బావమరిది. "పొగ రాకపోతే అయ్యగారు ఆ మాట ఎలా అంటారు? నా దుకాణం సార్..."

"అది మీ టెక్నికల్ ప్రాబ్లం."

హాలు కిటకిటలాడుతోంది. ఆఫీసర్లు గోడ వెంట, పార్టీవాళ్ళు తివాచీ మీద. నడిమధ్య మంత్రిగారు. బావమరిది హుక్కా మీది చిలుంలో ఆ తెల్లటి ఆకు సర్ది, పైన రేకు కప్పి చిల్లులు పెట్టాడు. దాని మీద బొగ్గు ఉండాల్సిన చోట తన ప్రాణం పెట్టి, గొట్టం అందించాడు.

మంత్రిగారు లాగారు. గుడగుడమంది.

ఎక్కడా పొగ లేదు. మంత్రిగారు ఒక కన్ను తెరిచి రేకు వంక చూశారు. ఆ కన్నుతోనే హాలంతా చూశారు. బావమరిది గుటక మింగిన చప్పుడు హుక్కా చప్పుడు కంటే గట్టిగా వినపడింది.

అప్పుడు లేచాడండీ పార్టీ యువజన విభాగం అధ్యక్షుడు! ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. "అబ్బబ్బ! ఏం ఘాటు సార్!"

అంతే. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒకాయన కిటికీ తెరవమన్నాడు. ఒక పెద్ద ఆఫీసరు ఫైలుతో మొహం ముందు విసురుకుంటూ, "పొగలో మీరు సరిగ్గా కనపడటం లేదు సార్" అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. పొగడ్తకి ఆ ఇబ్బంది లేదు.

ఇంతమందికి తెలిసిన ఘాటు తనకి తెలియలేదని ఏ మంత్రి ఒప్పుకుంటాడు? ఆయన మరో దమ్ము లాగి, లేని పొగని ముక్కులోంచి దర్జాగా వదిలారు.

"అచ్చం ఫారిన్‌ది లాగే ఉంది."

బావమరిది కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆ హాల్లో నిజంగా వచ్చిన నీళ్ళు అవే.

మర్నాడు పేపర్లనిండా మంత్రిగారే. పొగాకు లేని, పొగ లేని, నిప్పు లేని హుక్కా. అదే రోజు గొట్టంగారితో సహా మేమంతా దుకాణం ముందుకి చేరాం. సీలు ఆఫీసరు లక్కముద్రని అందరికీ చూపించాడు. వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఫోటో తీయించుకుని, ముద్ర పగలగొట్టి, షట్టర్ ఎత్తాడు.

అల్మారా ఖాళీగా ఉంది. అరల నిండా దుమ్ము, ఆ దుమ్ములో డబ్బాలు కూర్చున్న చోట గుండ్రటి శుభ్రమైన మచ్చలు. లోపల వెనక తలుపు గాలికి కిర్రుమంటూ ఊగుతోంది.

"అభిమానులు చాలామందే ఉన్నట్టున్నారు" అంది మా ఆవిడ.

గొట్టంగారికి ఆ మాట వినపడలేదు. ఆయన చేతిలో కొత్త తాళం ఒకటుంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అటూ ఇటూ చూస్తున్నారు.

"సీలు చెక్కుచెదరలేదు. కాబట్టి సరుకూ చెక్కుచెదరలేదు. బాగా చూసుకో నాయనా. తేడా ఉందంటే చెప్పు, మళ్ళీ సీలేసి విచారణ పెట్టిద్దాం" అన్నాడు ఆఫీసరు.

బావమరిది అల్మారా వంక చూశాడు. తాళం వంక చూశాడు. నెమ్మదిగా వెళ్ళి, మూలనున్న పాత హుక్కా ముందు కూర్చున్నాడు. అందులో నీళ్ళు కూడా లేవు. గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక దీర్ఘమైన దమ్ము లాగాడు.

"అచ్చం ఫారిన్‌ది లాగే ఉంది సార్."

గొట్టంగారు తాళం జేబులో వేసుకుని, నా వంక చూశారు.

నేను దగ్గాను.