ఐలవ్వకు బదులెవరు?

మనిషికి మనిషి సాయపడాలంటే, సాయపడే ఆ మనిషిని ఏమని పిలవాలో ముందు తేలాలి. తేలకపోతే లోకం నడవదు. ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద, కిరాయి భవనం మొదటి అంతస్తులో ఉన్న పరస్పర సహకార ప్రోత్సాహక కార్యాలయానిది. (అక్కడ ఎవరు ఎవరిని ప్రోత్సహిస్తారని అడగకండి. అడిగినవాళ్ల చేతిలో ఒక దరఖాస్తు పెడతారు.)

ఐలవ్వ అక్కడ పద్దెనిమిదేళ్లుగా అటెండర్. తొమ్మిదింటికి తాళం తీస్తుంది, ఊడుస్తుంది, నీళ్లు పడుతుంది, ఫైళ్లు మోస్తుంది, పదకొండింటికి చాయ్ తెస్తుంది. పోయిన ఏడాది ఒక ఉత్తర్వు వచ్చింది. అటెండర్, హెల్పర్, అసిస్టెంట్ లాంటి మాటలు మనిషిని కించపరుస్తున్నాయి కాబట్టి రద్దు. ఇకపై పెద్దా చిన్నా లేదు, అందరూ సమానమే. ఆ సమానత్వం పక్కాగా ఉండాలని పదమూడు మందికి పదమూడు పేర్లు పెట్టారు. ఆఫీసర్ రామేశ్వర్ ప్రధాన సహచరుడయ్యారు. సీనియర్ అసిస్టెంట్ ప్రమీలాదేవి సమన్వయ సహయోగిని అయ్యారు. ఐలవ్వ ప్రాంగణ సహభాగిని అయింది. చీపురు మాత్రం పాతదే.

పేరుతో ఐలవ్వకు పేచీ లేదు. ఆమెకు కావలసింది మూడు రోజుల సెలవు. బిడ్డ రమ్యకు గురువారం ఆపరేషన్ చేసి కాన్పు చేస్తామని దవాఖానలో చెప్పారు. అల్లుడు దుబాయ్‌లో ఉన్నాడు, వియ్యపురాలు కాలం చేసింది. పిల్ల పక్కన ఉండటానికి తల్లి తప్ప ఎవరూ లేరు.

సెలవు ఫారంలో ఏడో గడి దగ్గర బండి ఆగింది. "మీకు బదులుగా పనిచేయు సహచరుల సంతకం" అని ఉందక్కడ.

"సార్, గీడ ఒక్క సంతకం గావాలె" అంటూ ఐలవ్వ రామేశ్వర్ ముందు నిలబడింది. "పన్నెండు మంది ఉన్నరు గదా, ఎవలు వెట్టినా నడుస్తది."

రామేశ్వర్ బాధగా కళ్లద్దాలు తీశారు. "నడ్వదు ఐలవ్వా. ఏ హోదాకు ఆ హోదా వాళ్లే బదులుండాలె. ప్రాంగణ సహభాగినివి నువ్వొక్కదానివే."

"మరి మొన్న మీరు లీవుల పోయినప్పుడు ఎవలు వెట్టిన్రు సార్?"

మంచి ప్రశ్నే. ఉత్తర్వులో దానికీ జవాబుంది. ఎవరు రాకపోయినా పని ఆగదో వారికి ఏడో గడి వర్తించదు. అటువంటి వారి జాబితాలో పన్నెండు పేర్లున్నాయి.

ప్రమీలాదేవిది జాలిగుండె. "నాకైతే పెట్టాల్ననే ఉన్నది ఐలవ్వా. గని సంతకం పెడితే రేపు బకెట్ నేనే ఎత్తాలె గదా" అని నిట్టూర్చి, ఆ బాధలో ఇంకో చాయ్ తెప్పించుకున్నారు. (తెచ్చింది ఎవరో చెప్పనక్కర్లేదు.)

బుధవారం మధ్యాహ్నం ఈ విషయంపై సమావేశం పెట్టారు. ఐలవ్వ కుర్చీలు వేసింది. తన సెలవు గురించి వాళ్లు గంటన్నర మాట్లాడుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి విన్నది (కుర్చీలు పన్నెండే). చివరికి "మానవతా దృక్పథంతో పరిశీలనలో ఉంచడమైనది" అని తీర్మానించి లేచారు. ఐలవ్వ కుర్చీలన్నీ సర్ది, తలుపుకు తాళం వేసి, తాళంచెవినీ ఏడో గడి ఖాళీగా ఉన్న ఫారాన్నీ పక్కనున్న మేకుకు తగిలించి, నేరుగా దవాఖానకు పోయింది.

గురువారం పదిన్నరకు రమ్యను లోపలికి తీసుకుపోతున్నారు. "పేషెంటు తోని ఎవరున్నరు?" అని నర్సు అడిగింది. "నేనున్న, అవ్వను" అంటుండగానే ఫోన్ మోగింది.

"ఐలవ్వా, తాళం ఎవలు దియ్యాలె?" అవతల రామేశ్వర్.

"చెవి మేకుకే ఉన్నది సార్."

"కనవడుతున్నది. గని తాళం తీసుడు సహభాగిని పనులల్ల మొదటిది. మేమెట్ల తీస్తం? హోదా అడ్డమొస్తలేదా?"

"చేతులుంటే తియ్యచ్చు సార్" అని ఐలవ్వ ఫోన్ పెట్టేసింది. పద్దెనిమిదేళ్లలో ఆమె ముందుగా ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి. పెట్టేశాక భయమేసింది. ఆ భయం గంట కూడా నిలవలేదు. లోపలి నుంచి పసిదాని ఏడుపు వినిపించింది. మనుమరాలు. ఐలవ్వ ఏడ్చింది, నవ్వింది, ఆఫీసు సంగతే మర్చిపోయింది.

ఇక్కడ ఆఫీసు దగ్గర పన్నెండు మందీ మెట్ల మీద పేపర్లు పరుచుకుని కూర్చున్నారు. మొహం చూపిస్తే హాజరు వేసే యాప్‌కు మెట్లు కూడా ఆఫీసు కిందే లెక్క, కాబట్టి ఎవరికీ నష్టం రాలేదు. శుక్రవారం ప్రమీలాదేవి ఇంటి నుంచి చాప తెచ్చారు. శనివారం అందరూ కలిసి సర్వపిండి పంచుకు తిన్నారు. ఆ కార్యాలయంలో పరస్పర సహకారం అంతగా కనిపించిన రోజు మరొకటి లేదు.

సోమవారం ఐలవ్వ వచ్చి మెట్లు ఊడ్చి, తాళం తీసింది. రామేశ్వర్ కూర్చోగానే ఆమెకు సంజాయిషీ మెమో ఇచ్చి, పైకి నివేదిక రాశారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. మూడు రోజులూ హాజరైనవారు పన్నెండు మంది. గైర్హాజరైనవారు ఒకరు. ఆగిన పని మొత్తం.