పతకాలు తెచ్చిన కుక్క బెల్టు

షికారుకు కుక్క ఎందుకండీ? దాని బెల్టు చాలు!

నవ్వకండి. నేను పట్టభద్రుణ్ణి. మా వంశంలో మొట్టమొదటివాణ్ణి. ఆలోచించకుండా మాట్లాడను. బెల్టును షికారుకు పంపితే అది మిమ్మల్ని రోడ్డు మీద ఈడ్చుకుపోదు. పక్కింటివాళ్ళ స్కూటర్ టైరు దగ్గర కాలెత్తదు. ఎదురొచ్చే పెద్దమనిషి "కరుస్తుందా బాబూ?" అంటూ గోడెక్కనక్కర్లేదు. ఇంతకంటే సురక్షితమైన షికారు ఎక్కడైనా ఉందేమో చెప్పండి!

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా ఇంట్లో మేస్త్రీ అనే కుక్క ఉంది. నాన్న దర్జీ. ముందుగదిలో ఆయన కుట్టుమిషను తొక్కుతుంటే ఇది ఎదురుగా కూర్చుని, పని చేయకుండా, పని జరుగుతోందో లేదో మాత్రం చూస్తుంది. అందుకే ఆ పేరు. దానికి బెల్టు కొనే బాధ్యత నా మీద పడింది. అచ్చుకాగితంతో వచ్చే వస్తువు ఏదైనా మా ఇంట్లో నా శాఖ కిందికే వస్తుంది, మందుసీసా మీది చీటీ నుంచి మిక్సీ గ్యారంటీ కార్డు దాకా.

షాపులో ఎన్ని రకాలు! మేకులు పొదిగినవి, మువ్వలున్నవి, చీకట్లో మెరిసేవి, లాగితే బిగుసుకునే గొలుసులు. నేను మామూలు వెడల్పాటి బెల్టు మీద చెయ్యి వేశాను. అంతలో షాపాయన ఇంకోటి తీశాడు. కుక్క వేసే ప్రతి అడుగూ లెక్కపెట్టి ఫోనుకు పంపుతుందట.

"ఇది చదువుకున్నవాళ్ళు కొంటారు సార్," అన్నాడు.

కొనకుండా ఎలా వస్తాను చెప్పండి!

ఇంటికొచ్చి కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. మెడకూ బెల్టుకూ మధ్య రెండు వేళ్ళు దూరేలా పెట్టాను. అంతకన్నా వదులైతే తల జారిపోతుందనీ, బిగువైతే ఊపిరాడదనీ ఇంటిల్లిపాదికీ వివరించాను.

నాన్న సూదిలోకి దారం ఎక్కిస్తూ, "చొక్కా కాలరుకు నేను వదిలేదీ అంతేరా. దీనికి డిగ్రీ కావాల్సొచ్చిందా?" అన్నాడు.

వారం రోజులు నిష్ఠగా తిప్పాను. ఎనిమిదో రోజు వాన. ఫోను మోగింది: "ఈ రోజు మీ కుక్క లక్ష్యం చేరలేదు." నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒక్క పరీక్షా తప్పనివాణ్ణి, చివరికి కుక్క సబ్జెక్టులో తప్పాను!

చెల్లికి జాలేసింది. "అన్నయ్యా, ఫోనుకు కావాల్సింది కుక్క కాదు, కదలిక. ఆ బెల్టేదో నాన్న మిషను పెడల్‌కి కట్టెయ్."

కట్టాను. అది స్కూలు యూనిఫారాలు కుట్టే కాలం. నాన్న మర్నాడంతా తొక్కుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఫోను పొంగిపోయింది: "అభినందనలు! పద్దెనిమిది వేల అడుగులు! మీ పేటలోకెల్లా చురుకైన కుక్క మీదే!" పక్కన బంగారు పతకం బొమ్మ. ఆ పతకం గెలుస్తున్నంతసేపూ మేస్త్రీ పెడల్ పక్కనే గురక పెడుతోంది.

అలా ఆరు వారాలు. సాయంత్రమయ్యేసరికి మేస్త్రీ గుమ్మం దగ్గరికెళ్ళి, నా చెప్పుల మీద గడ్డం ఆన్చి నా వంక చూసేది. నేను ఫోను దాని మొహానికి ఎదురుగా పట్టుకుని, "చూడు, ఇవాళ్టి కోటా అయిపోయింది," అని నచ్చజెప్పేవాణ్ణి.

ఇంతలో టీకా వేయించే రోజు వచ్చింది. పెడల్ నుంచి బెల్టు విప్పి మేస్త్రీ మెడకు పెడితే చివరి రంధ్రానికి కష్టం మీద అందింది. పశువుల ఆసుపత్రి మెట్ల దగ్గర అది చతికిలబడింది. నాన్నా నేనూ చెరోవైపు పట్టి పైకి మోశాం.

డాక్టరమ్మ బెల్టు కిందికి వేలు పెట్టబోయింది. ఒక్కటీ దూరలేదు. వెంటనే విప్పేసింది. మేస్త్రీ గట్టిగా దగ్గింది.

"రోజూ నడిపిస్తున్నారా?"

నేను గర్వంగా ఫోను అందించాను. ఆవిడ ఫోనును చూసింది, కుక్కను చూసింది, మళ్ళీ ఫోనును చూసింది.

"పద్దెనిమిది వేల అడుగులు నడిచేదాన్ని మోసుకొచ్చారేంటి?"

నాన్న అడ్డొచ్చాడు. "ఆ అడుగులు నావమ్మా. దీని తరఫున నేనే తొక్కుతున్నా."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మూడు కిలోలు పెరిగింది. ఇలాగే వదిలేస్తే కీళ్ళు పోతాయి, ఆపైన గుండె. దగ్గు తగ్గేదాకా మెడకు ఏమీ కట్టొద్దు. ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వేసి రెండు పూటలా తిప్పండి. ఈడ్చుకెళ్ళకండి. ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వండి. షికారు దానిది, మీది కాదు."

మర్నాడు పట్టీ నాన్నే కుట్టాడు. సంచులకు వాడే దళసరి నాడాతో, ముందుకాళ్ళ సందున ఒరుసుకోకుండా. బెల్టును ఇంట్లో మేకుకు తగిలించి ఆ సాయంత్రమే బయల్దేరాం. మొదటి కరెంటు స్తంభం దగ్గర మేస్త్రీ ఎంతసేపు ఆగిందంటే, అక్కడ తను లేని ఆరు వారాల వార్తలూ రాసి ఉన్నాయనిపించింది. నాలుగో స్తంభానికి ఇద్దరికీ నాలుకలు బయటికొచ్చాయి.

జేబులో ఫోను మోగింది: "ఈ రోజు మీ కుక్క ఒక్క అడుగూ వేయలేదు. యజమానిగా మీ బాధ్యతను గుర్తుచేస్తున్నాం."

గుమ్మం దాటించనన్నాళ్ళూ పతకాలిచ్చింది. దాటించిన మొదటి రోజే తిట్టింది!

ఘాటుగా జవాబు రాద్దామని వేలు పెట్టాను. చేతిలో తాడు బిగిసింది. మేస్త్రీకి ఐదో స్తంభం కనబడింది.