అర్థం కాని పుస్తకం, అత్తగారి ఉపవాసం

ఆ శనివారం పొద్దున జయపాల్ పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిన్ వేళకల్లా పుస్తకంలో మొదటి అధ్యాయం ముగించాలి. ఫ్రెంచి పండితుడొకాయన మనుషుల రోజువారీ బతుకు మీద, అంటే వండుకోవడం, బజారుకెళ్లడం, బస్సు కోసం నిలబడడం లాంటి వాటి మీద రాసిన లావుపాటి గ్రంథం అది. జయపాల్ దగ్గరున్నది ఇంగ్లీషు అనువాదమే అయినా, ఫ్రెంచిలో ఉన్నా ఇంతకంటే కష్టం ఉండేది కాదేమో అనిపించింది. కర్త ఈ పేజీలో కనిపిస్తే క్రియ తర్వాతి పేజీలో దొరికేది. ఈలోగా కర్త ఎవరో అతను మరిచిపోయేవాడు.

వదిలేస్తే పోయేదే. కానీ జయపాల్ విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. పుస్తకాల పండగలో దాన్ని కొన్న మర్నాడే స్టాఫ్‌రూములో బల్ల మీద నలుగురికీ కనిపించేలా పెట్టాడు. ప్రిన్సిపాల్ బాలశౌరిగారు అట్ట తిప్పి చూసి, "మొత్తం చదివేశారాండీ?" అని అడిగితే, "రెండోసారి చదువుతున్నానండి" అన్నాడు. ఒకసారి అని ఉన్నా సరిపోయేది. గొప్పకు పోయినప్పుడు నోరు మన మాట వినదు. బాలశౌరిగారు సంబరపడిపోయి, వచ్చే శనివారం సెమినార్‌లో జయపాల్‌గారు ఆ పుస్తకం మీద గంటసేపు మాట్లాడతారని నోటీసుబోర్డులో పెట్టించేశారు.

అందుకే బాల్కనీలో కుర్చీ వేసుకుని దాంతో కుస్తీ పడుతున్నాడు. పక్కన టీ చల్లారిపోయింది. కంకిపాడు నుంచి కూతుర్ని చూడడానికొచ్చిన అత్తగారు అమలమ్మ, ఇడ్లీ ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడి చాలాసేపటి నుంచి అల్లుణ్ణి గమనిస్తోంది. పేజీ తిప్పడు, కదలడు. ఉండుండి నిట్టూరుస్తాడు, నుదురు కొట్టుకుంటాడు.

"ఏంటల్లుడుగారూ, ఒంట్లో బాగాలేదా?"

అర్థం కావడం లేదని చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడే గీత గీసుకున్న వాక్యాన్ని తోచినట్టు తెలుగులో పెట్టి గంభీరంగా వదిలాడు. "రోజూ బతికే ఈ బతుకే పెద్ద ప్రశ్నండి అత్తయ్యగారూ. ఎందుకు లేస్తున్నామో, ఎందుకు తింటున్నామో మనకే తెలీదు."

అమలమ్మ ఇడ్లీ ప్లేటు కిటికీలో పెట్టి, చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి పాస్టరమ్మగారికి ఫోన్ చేసింది.

"మా అల్లుడుగారికి బతుకు మీద విరక్తి పుట్టిందండి. తిండెందుకు అంటున్నారు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

మధ్యాహ్నానికి ఆ విన్నపం చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఆదివారం ఆరాధనలో పాస్టర్ సొలొమోనుగారు మర్యాదగా పేరు చెప్పలేదు. "కృంగిపోయిన మన సహోదరుడు, లెక్చరర్‌గారి కోసం" అన్నారంతే. ఆ సంఘంలో లెక్చరర్ ఒక్కడే. తలలన్నీ అతని వైపు తిరిగాయి.

ఇంటికొచ్చేసరికి భార్య కృప బండి తాళం దాచేసింది. "ఏవండీ, కొన్నాళ్లు బ్యారేజీ వైపు వాకింగ్ మానేయండి. మేడ మీద తిరగండి" అంది. కాస్త ఆలోచించి, "మేడ మీద కూడా వద్దులెండి" అంది.

"నాకేం కాలేదు కృపా."

"ఏదైనా అయినవాళ్లంతా అలాగే అంటారండీ."

సోమవారం ప్రిన్సిపాల్‌గారు తన గదిలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "విన్నానండి. సెమినార్ వాయిదా వేసేశాను. మనిషి ముందు, పుస్తకం తర్వాత."

జయపాల్ అక్కడ నిజం చెప్పేసి ఉంటే గొడవే లేదు. కానీ సెమినార్ తప్పిందన్న మాట చెవిన పడగానే గుండెల మీంచి బండ దింపినట్టయింది. నీరసంగా ఒక దగ్గు దగ్గి, "థాంక్స్ సార్" అన్నాడు. ఆ దగ్గు తలుచుకుంటే ఇప్పటికీ అతను సిగ్గుతో కుంచించుకుపోతాడు.

ఆ వారమంతా సంఘం వాళ్లు వస్తూనే ఉన్నారు. ఒకరు కొబ్బరిబోండాలు తెచ్చారు, ఒకరు కొర్రమీను పులుసు తెచ్చారు. జయపాల్ దిగులు ముఖం పెట్టుకుని అన్నీ తిన్నాడు. గురువారం రొయ్యల కూర కలుపుకుంటుండగా వంటింట్లో ఏదో పడిన చప్పుడైంది. చూస్తే అమలమ్మ కళ్లు తిరిగి గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మ నిన్నట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదండి" అంది కృప. "మీకోసం ఉపవాసం పట్టింది."

"షుగర్ పెట్టుకుని ఉపవాసమేంటి?"

"చెప్తే వినట్లేదు. మీకు నయమైందని కళ్లారా చూసేదాకా ముద్ద ముట్టనని దేవుడికి మాటిచ్చిందంట."

రొయ్యల ముద్ద జయపాల్ చేతిలోనే ఉండిపోయింది. స్టాఫ్‌రూములో తను కోసిన కోతకి ఈ పెద్దావిడ కడుపు మాడ్చుకుంటోంది. తనేమో వచ్చినవాళ్లు పెట్టిందల్లా మెక్కుతూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఇంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక పెట్టారు. హాలు నిండా చాపలు పరిచారు. బాలశౌరిగారు కూడా పరామర్శకని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పాట అయ్యాక జయపాల్ లేచి, సాక్ష్యం చెప్పుకోవాలన్నాడు.

"నాకే జబ్బూ లేదండి. సెమినార్ తప్పిందని సంతోషించి నోరు మూసుకున్నాను. ఆ పుస్తకం నేను రెండోసారి కాదు, ఒకసారి కూడా చదవలేదు. మొదటి అధ్యాయమే అర్థం కాలేదు. ప్రిన్సిపాల్‌గారితో అబద్ధమాడాను. అత్తయ్యగారూ, నన్ను క్షమించి అన్నం తినండి."

జయపాల్‌కి ప్రాణం తేలికపడింది. అంతలో కృప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"ఎమ్మేలో గోల్డ్ మెడల్ వచ్చిన మనిషండి పాస్టరుగారూ. ఇంగ్లీషు పుస్తకం అర్థం కాలేదంటున్నారు."

"ముదిరిందండి" అన్నారు బాలశౌరిగారు తల పంకిస్తూ. "నా సర్వీసు మొత్తంలో తనకు తెలీదని ఒప్పుకున్న లెక్చరర్‌ని చూడలేదు."

"కృంగిన మనసు మనిషి చేత ఇలాగే మాట్లాడిస్తుంది" అన్నారు సొలొమోనుగారు. "ఉపవాసం ఇంకో మూడు రోజులు పొడిగిద్దాం."

"అలాగేనండి" అంటూ అమలమ్మ గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడింది. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

నిజం చెప్తే ఆవిడ తినదని జయపాల్‌కి అర్థమైపోయింది. అలమరలోంచి పుస్తకం తీసి, తను ఎన్నడూ చూడని నడిమి పేజీ ఏదో తెరిచి, క్లాసులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

"రోజువారీ బతుకు అనేది రోజూ ఉండేది కాదండి. దాన్ని మనం బతకడం లేదు, అదే మనల్ని బతుకుతోంది. బజారంటే స్థలం కాదు, ఒక సంబంధం. అదీ తనతో తనకే లేని సంబంధం."

"ఆమెన్" అన్నారెవరో వెనక నుంచి.

అర్థం కాని కొద్దీ ఆమెన్ గట్టిగా వచ్చింది. బాలశౌరిగారు జేబులోంచి పెన్ను తీశారు. కృప కళ్లు తుడుచుకుని నవ్వింది. జయపాల్‌కి చెమటలు కారుతున్నాయి. నోట్లోంచి ఊడిపడే ప్రతి మాటకీ లోపల చచ్చిపోతూనే, అమలమ్మ ముఖం మీంచి చూపు తిప్పకుండా మాట్లాడుతూ పోయాడు. చివరికి ఆవిడ చెయ్యెత్తింది.

"కృపా, కాస్త అన్నం పెట్టమ్మా."

స్తోత్రాలతో హాలు మారుమోగింది. "సెమినార్ రేపే పెట్టేస్తున్నానండి, ఇదే మాట్లాడండి" అని బాలశౌరిగారు అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు. జయపాల్ చెయ్యి విడిపించుకుని, తనే కంచం తెచ్చి పెరుగన్నం కలిపి అత్తగారి ముందు పెట్టాడు. తలెత్తలేక అక్కడే చాప మీద కూర్చుండిపోయాడు.

"నేను ఇందాక మొదట చెప్పిందే నిజమండి అత్తయ్యగారూ" అన్నాడు మెల్లిగా.

అమలమ్మ ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, తీరిగ్గా చెప్పింది.

"మొదట మీరు చెప్పింది ప్రతి ముక్కా అర్థమైంది బాబూ. అందుకే భయమేసింది. తర్వాత చెప్పిందాంట్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అప్పుడు తెలిసింది, మా అల్లుడుగారు మళ్లీ మామూలు మనిషయ్యారని."

ఆ మాటకి కూడా అందరూ ఆమెన్ అన్నారు.