ఇరవై దాటని కారు

ఎంత తొక్కినా ఇరవై దాటని కారు ప్రతి ఇంటికీ ఒకటి ఉండితీరాలి. నవ్వకండి. ప్రభుత్వమే రేషన్ కార్డు మీద ఇవ్వవలసిన వస్తువది!

సాక్ష్యం కావాలా? ఒర్లియంపేటలో కాపురముండే భీమేశ్వరరావు మాస్టారిని చూడండి. యానాం నుంచి బదిలీ మీద వచ్చి, ఇక్కడి అమ్మాయి జయంతిని పెళ్లాడి, పుదుచ్చేరిలోనే స్థిరపడిన లెక్కల మాస్టారు. రెండువేల తొమ్మిది వేసవిలో ఆయన డీజిల్ కారుకి జబ్బు చేసింది. బోర్డు మీద పసుపు దీపం వెలిగేది. ఆపైన యాక్సిలరేటర్ నేలకంటేలా తొక్కినా బండి ఇరవై దాటేది కాదు. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుండేది. బజారు దాటేలోగా మళ్ళీ దీపం.

అప్పటిదాకా ఆయన ఊరిని సరిగ్గా చూసి ఎరగడు. ఇప్పుడు సైకిళ్ల మీద పిల్లలు కారుని దాటిపోతూ నమస్కారాలు పెట్టారు. పూలమ్మే ఆవిడ పక్కనే పరుగులాంటి నడక నడుస్తూ మూర కొలిచి కిటికీలోంచి అందించింది. వీధికుక్కలు తరమడానికి వచ్చి, ఈ బండికి అంత శ్రమ అక్కర్లేదని గ్రహించి వెనక్కి తిరిగాయి. ఒక పెళ్లి ఊరేగింపు వెనక చిక్కుకుంటే, ఇది పెళ్లివారి బండేననుకుని ఎవరో పన్నీరు చల్లి, బానెట్ మీద దండ వేసి పంపారు. ఎనభై మీద పోయేవాడికి ఎవరైనా పన్నీరు చల్లుతారా?

అసలు లాభం ఇది కాదు. మాస్టారి బావమరిది రాజేంద్రన్ ఆ కారుకి బేరం కుదిర్చాడు. జయంతి పోయి ఏడాది కావస్తోంది. "దాన్ని చూసి చూసి కుమిలిపోతుండావు బావా. ఇచ్చేద్దాం," అన్నాడు.

మంచి మనసుతో అన్న మాట. మంచి మనసుతో అన్న మాటకి కాదని చెప్పడం టీచర్ ట్రైనింగులో నేర్పరు. అమ్మడం మాస్టారికి ఇష్టం లేదు. అలాగని నోరు తెరిచి అనలేడు. కానీ చెడిన బండిని ఒకరికి అంటగట్టడం పెద్దమనిషి చేసే పనా? "బాగయ్యాక చూద్దాం," అన్నాడు. ఆ రోజు నుంచి కారు జబ్బే ఆయనకి అండ.

మొదటి మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చాడు. ఇరవై. మాస్టారు అతనికి టీ ఇప్పించాడు. రెండో ఆయన ఇంజనుకి గాలి వెళ్లే దారంతా కడిగి తుడిచాడు. ఇరవై. ఆయనకి టీతో పాటు బజ్జీలు. మూడో ఆయన బానెట్ మూసి, ఇది దిష్టి అని తేల్చి, టైరు కింద నిమ్మకాయ పెట్టించాడు. నిమ్మకాయని కూడా కారు నిదానంగానే తొక్కింది. "మీ పనితనం అమోఘం," అని మాస్టారు అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఓడిపోయిన మెకానిక్కులకి ఇంత మర్యాద జరిగిన ఇల్లు ఈ ఊళ్లో ఇంకొకటి లేదు.

రాజేంద్రన్‌కి అనుమానం వచ్చింది. తనే తోడువచ్చి కారుని ఊళ్లోనే సారం అనే పేటలో ఉన్న ప్రభు మెకానిక్ షెడ్డుకి చేర్పించాడు. ప్రభు నల్ల కళ్లద్దాలు తియ్యకుండానే కారు కింద దూరే రకం. స్టీరింగ్ కింద ఏదో వైరు గుచ్చి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"సార్, మీ యాక్సిలరేటర్‌కి తీగ లేదు, తెలుసునా?"

"తెగిపోయిందా?"

"పుట్టినప్పటి నుంచే లేదు సార్. పెడల్ మొదట్లో సెన్సార్ ఉండాది. ఎంత తొక్కినారని రెండు లైన్లలో కంప్యూటర్‌కి చెప్తాది. రెండు మాటలూ సరిపోతే నమ్ముతాది. సరిపోకుంటే ఎవుర్నీ నమ్మదు. మనకెందుకీ గొడవని మెల్లగా పోతాది."

"మా స్టాఫ్ రూమ్ లాగే," అన్నాడు మాస్టారు.

ప్రభు పెడల్‌ని చేత్తో కొంచెం కొంచెంగా నొక్కాడు. తెర మీద రెండు అంకెలూ కలిసి పెరిగాయి. సగానికి వచ్చాక ఒకటి ఉన్నట్టుండి సున్నాకి పడింది. వైరు కదిపితే లేచింది. వదిలితే పడింది. మాస్టారి గుండె కూడా దానితోనే పడుతూ లేస్తూ ఉంది. ప్రభు కనెక్టర్ ఊడదీశాడు. పిన్నుల నిండా పచ్చటి చిలుము. సెన్సార్ వంచితే నీటి చుక్క రాలింది.

"కాళ్లు కడుక్కొని, తుడవకుండా కారెక్కేది ఎవురు సార్?"

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజేంద్రన్ ఆయన పాదాల వంక చూశాడు.

కారు ఇంటికొచ్చిన నాడే జయంతి గేటు పక్కన చెంబు పెట్టింది. "లక్ష్మి మాదిరి వచ్చిన బండి. చెప్పులతో ఎక్కేదేంది?" అంది. చెప్పులు డిక్కీలో పెట్టి, కాళ్లు కడుక్కునే ఎక్కాలి. తుడుచుకోమని ఆమె చెప్పలేదు. కాబట్టి మాస్టారు తుడుచుకోలేదు. ఆమె పోయాకా ఆ నియమం తప్పలేదు. చెంబు రోజూ నిండుతూనే ఉంది.

ప్రభు చిలుము గీకి, పెడల్‌ని సెన్సార్‌తో సహా మార్చేశాడు. దీపం ఆరిపోయింది. ఇంత దుర్మార్గమైన పనితనం ఎక్కడైనా ఉందా? మాస్టారు అతనికి టీ ఇప్పించలేదు.

శుక్రవారం, రాజేంద్రన్ బేరం కుదిర్చిన రాఘవన్ అనే బట్టల షాపు ఓనరు కారు చూడడానికి వచ్చాడు, నిగనిగలాడే బూట్లతో. కాలు లోపల పెట్టబోతుంటే మాస్టారు చెంబు అందించాడు. గేటుకి కొత్తగా ఒక తువ్వాలు కూడా వేలాడుతోంది.

"తాగేదానికా సార్?"

"కాళ్లకండి. బూట్లు విప్పి, కడుక్కుని, తుడుచుకుని ఎక్కాలి."

"నేను కొన్నంక కూడానా?"

"కొన్నాకే ముఖ్యమండి."

రాఘవన్ ఒకసారి రాజేంద్రన్ వంక, ఒకసారి చెంబు వంక చూశాడు. లేసులు విప్పలేదు. తన స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

రాజేంద్రన్ ఆ చెంబు అందుకున్నాడు. ఏంబలం ఊళ్లోని తమ పుట్టింటి నుంచి అక్క తెచ్చుకున్న చెంబే అది. మెల్లగా చెప్పులు విడిచాడు. కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు.

"అమ్మేది లేదని ఒక మాట చెప్పేదానికేమి బావా?"

మాస్టారు తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

"సరే, తియ్యి. మెల్లగా పో."

బండికి ఇప్పుడు ఏ లోపమూ లేదు. తొక్కితే లేచి పరుగెత్తుతుంది. ఇరవై మీద పోతోంది. వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి విసిగిన ఆటోవాడు పక్కకి వచ్చి తల బయటపెట్టాడు.

"ఏం సార్, ఇంకా రిపేరేనా?"

"ఆమా, రిపేరే," అన్నాడు రాజేంద్రన్. "కొంచెం టైము పడతాది."

కార్ల కంపెనీలవారికి నాదొకటే విన్నపం. లోపల రెండు మాటలు పొసగనప్పుడు కారుకి పసుపు దీపం వెలిగే ఏర్పాటు చేశారు. చాలా సంతోషం. మనిషికి ఆ దీపం ఎక్కడ పెట్టారో కాస్త చూపిస్తారా?