దొరస్వామి సాక్షి సంతకాలు

పొద్దున్నే దొరస్వామి వేసిన ఎత్తు చాలా చిన్నది. మరునాడు పుంగనూరు వర్తక సంఘం అధ్యక్ష ఎన్నిక. మదనపల్లె నుంచి వచ్చిన సుప్రియ అనే చిత్రకారిణికి తన కిరాణా అంగడి గోడ ఇచ్చి, పదిమందిలో మంచి పేరు కొట్టేయాలి. పదేళ్లుగా ఆ కుర్చీ కోసం పడిగాపులు కాస్తున్న మనిషి పాపం!

సుప్రియ గోడకు నీలం రంగు వేసి, బల్ల మీద తెల్ల కాగితాలు పెట్టింది. "మీ మనసు నొప్పించిన మాట ఏది? ఎవరన్నారు? రాసి గోడకు అంటించండి. అందరి మాటలూ కలిస్తేనే ఈ బొమ్మ" అని పైన రాసింది.

బొమ్మ ఎవరికి కావాలి? రోడ్డు పక్క బల్ల మీద కాగితం కనబడితే మనవాళ్లకు అది దరఖాస్తే. అరగంటలో ఆధార్ జిరాక్సులతో వరుస కట్టారు.

"ఏం పథకమప్పా ఇది?"

"తిట్లు తిన్నోళ్లకంట. సాక్షి సంతకం లేకుంటే కొట్టేస్తారంట."

ఆ వీధిలో ఏ దరఖాస్తుకైనా సాక్షి దొరస్వామే. ఓట్ల వేళ కాదంటాడా? "పైన రాసింది నిజం" అని గీకి, సంతకం పెట్టి పంపుతూనే ఉన్నాడు. చదివే తీరిక ఎక్కడిది?

"సార్, సంతకాలు ఎందుకు?" అంది సుప్రియ, ఏమీ అర్థంకాక.

"ఉండనీమ్మా, గట్టిగా ఉంటాది."

మధ్యాహ్నం గోడ దగ్గర నవ్వులు వినిపించాయి. పోటీదారు ముద్దుకృష్ణ కాగితాలు పైకి చదువుతున్నాడు. దొరస్వామి వెళ్లి చూశాడు. "మాట: అరవోడా. అన్నది: దొరస్వామి. ఇట్లు, కుప్పం గంగాధరం." కింద, పైన రాసింది నిజమని తన సంతకమే! పక్కది సొంత భార్యది: "మాట: మొద్దుమొహం. అన్నది: మా ఆయన. ఇట్లు, మునీశ్వరి." దానికీ సాక్షి తనే. గోడ నిండా ఇదే వరస: అన్నదీ దొరస్వామే, సాక్షీ దొరస్వామే.

"ఏమిరా ఇది? నా అంగట్లో మూటలు మోస్తా నామీదే రాస్తావా?" అని గంగాధరం మీద విరుచుకుపడ్డాడు.

"అబద్ధం రాస్తే కొట్టేస్తారు గదన్నా! పన్నెండేండ్లుగా అట్లే పిలుస్తాండావు. నాకూ ఒక పేరుండాది."

ఆ పేరు దొరస్వామి ఇప్పుడే చదివాడు. నిజంగానే సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఎన్నిక గుర్తొచ్చి, కాగితం పీకబోయాడు. సుప్రియ ఆ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"ఎన్ని ఊళ్లు తిరిగినా, తానన్న మాట కింద తానే సంతకం పెట్టిన మనిషిని చూడలేదు సార్!"

జనం చప్పట్లు కొట్టారు. "తప్పు ఒప్పుకునేదానికి గుండె ఉండాలప్పా" అన్నారు తోటి వర్తకులు. దొరస్వామికి ఏం జరుగుతోందో తెలియలేదు. పీకబోయిన చేత్తోనే దండం పెట్టాడు.

మరునాడు ముద్దుకృష్ణతో సహా అందరూ ఆయనకే చేతులెత్తారు.

నోటికి అలవాటైన మాటలన్నీ గోడ మీదే ఉండిపోవడంతో, కొత్త అధ్యక్షుడి తొలి ప్రసంగం "నమస్కారం"తో మొదలై, అక్కడే ముగిసింది.