చినబాబుగారి మొదటి సంతకం

"లోర్మెవిల్ వంశంలో అయిదో తరం ఈ గురువారం నుంచి ఫ్రాన్సు భారం మోయడానికి దయతో అంగీకరించింది" అని వెర్సాయ్‌లో గోడగోడకీ ప్రకటన అంటించారు. అంటించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ వంశం గొప్పతనం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. వాళ్ల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని. మూలపురుషుడు కొవ్వొత్తులమ్మి, ఒక మంత్రిగారి దగ్గర రాతపని కొనుక్కున్నాడు. ఆయన కొడుకు ఆ మంత్రిగారి కుర్చీయే కొనుక్కున్నాడు. మనవడు కౌంటు బిరుదు కొనుక్కుని, తాతగారు కొవ్వొత్తులమ్మలేదని చరిత్ర రాయించాడు. నాలుగోవారు మా ప్రభువులు, కౌంట్ ఇయాసింత్ గారు. కొనడానికి ఇంకేమీ మిగల్లేదు గనక వారు సంతకాలు పెడుతూ వచ్చారు.

మా శాఖ పని తాఖీదులు. ఎర్ర లక్క వేసిందైతే మనిషిని విచారణ లేకుండా జైలుకో, ఊరవతలికో పంపిస్తుంది. పచ్చ లక్కదైతే బయటికి వదుల్తుంది. దేనికైనా రాజుగారి సంతకం కావాలి. వారు వేటలో ఉంటారు గనక, వారి అనుమతితోనే అది నేను పెడతాను. కింద మంత్రిగారి సంతకం మాత్రం లోర్మెవిల్ చేత్తోనే పడాలి. అది వంశహక్కు. ప్రభువులు ఏ కాగితమూ చదవరు. చదివితే రాజుగారిని అనుమానించినట్టవుతుందని వారి ఉద్దేశం. లక్క రంగు మాత్రం చూస్తారు.

మా అన్న బార్తెలెమీ పుస్తకాలకు అట్టలు కుట్టుకుని బతికేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఎవరో ఎర్ర తాఖీదు మీద అతని పేరు రాయించారు. అది ఉన్న కట్టకి రాజుగారి సంతకాలు పెట్టింది నేనే. నేనూ చదవలేదు.

ప్రతి కొత్త సంవత్సరానికీ పచ్చ కాగితం పట్టుకెళ్లి ప్రభువుల ముందు పెట్టేవాణ్ణి.

"ఏమోయ్ గ్రెగ్వార్, మళ్లీ పచ్చదా?"

"మా అన్నది ప్రభూ. ఏం తప్పు చేశాడో రికార్డులో కూడా లేదు."

"తప్పు చెయ్యనివాడు లోపలెందుకుంటాడయ్యా? వదిలేస్తే మనది పొరపాటని ఒప్పుకున్నట్టే. లోర్మెవిల్ సంతకం వెనక్కి తీసుకోవడం నూటయాభై ఏళ్లలో లేదు. తియ్, తియ్!"

ఎంత నిలకడ!

గురువారం పొద్దున చినబాబు ఫుల్జాన్స్ గారు కొత్త విగ్గుకి పొడి చల్లించుకుని కుర్చీలో కూర్చున్నారు. నేర్పడానికి ప్రభువులు వెనక నిలబడ్డారు. తాఖీదులు అమలు జరిపే కెప్టెన్ తలుపు దగ్గర ఉన్నాడు. కాగితాల దొంతర పేర్చింది నేను. రాజుగారి సంతకం అన్నిటిమీదా చక్కగా కుదిరింది. అన్నిటికన్నా పైన ఎర్రది ఉంది.

"నాన్నగారూ, ఇందులో ఏముందో ఒకసారి చూడొద్దూ?"

"చూస్తే చెయ్యి వణుకుతుందిరా. కానియ్. ఆ సంతకం తోక ఇంకాస్త సాగదియ్... శభాష్! చూశావా గ్రెగ్వార్, అచ్చం మా తాతగారి తోకే!"

"చూశాను ప్రభూ. కళ్లు చెమర్చాయి," అన్నాను. నిజంగానే చెమర్చాయి.

కెప్టెన్ కాగితం అందుకుని, చదువుకుని, టోపీ తీశాడు.

"కౌంట్ ఇయాసింత్ ద లోర్మెవిల్ గారు తక్షణం తమ ఎస్టేటుకి వెళ్లి, తిరిగి పిలిచేదాకా అక్కడే ఉండాలి. కింద బండి సిద్ధంగా ఉంది ప్రభూ."

"ఏమిటా వాగుడు! నా మీద తాఖీదా? సంతకం ఎవడు పెట్టాడు?"

"చినబాబుగారు. సిరా ఇంకా ఆరలేదు."

ప్రభువులు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. వారు చదవగా చూడ్డం నాకదే మొదలు.

"ఇలా ఇవ్వండి నాన్నగారూ, కొట్టేస్తాను!"

"నోర్ముయ్! లోర్మెవిల్ సంతకం కొట్టేస్తారట్రా?" అని చేతికర్ర అందుకుని, తల ఎత్తుకునే మెట్లు దిగారు.

చినబాబుగారు ముక్కు తుడుచుకుంటుంటే నేను కలం అందించాను.

"ఇదేమిటి, పచ్చగా ఉంది?"

"మామూలుదే బాబుగారూ."

పెట్టారు. దాన్ని నేనే కెప్టెన్ చేతికిచ్చాను. మూడోది మళ్లీ ఎర్రది. దానిమీదా సంతకం పడింది. కెప్టెన్ చదువుకుని మళ్లీ టోపీ తీశాడు. తండ్రీకొడుకులు ఒకే బండిలో వెళ్లారు. అయిదో తరం ఫ్రాన్సు భారాన్ని ముప్పావుగంట మోసింది.

ఆ సాయంత్రం జైలు గేటు దగ్గర మా అన్న వెలుగు చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనేం చేశానురా?" అని అడిగాడు.

"నువ్వేం చెయ్యలేదన్నయ్యా. చేసింది నేను," అని అక్కడే కూలబడి ఏడ్చాను.

పదిహేను రోజుల తర్వాత రాజుగారు వేటకి బూట్లు తొడుక్కుంటూ, "ఆ లోర్మెవిల్‌లు ఈమధ్య కనిపించడం లేదేం?" అన్నారు. సిరాబుడ్డితో నేనక్కడే ఉన్నాను.

పక్కనున్న పెద్దమనిషి వంగి, "తమరే పంపించేశారు కదా ప్రభూ! తమ స్వదస్తూరీతో," అన్నాడు.



"మంచిపని చేశాను," అని రాజుగారు రెండో బూటు తొడుక్కున్నారు.